పాడేవాళ్ళ వైపు తిరిగిన పెట్టె

నా సౌండు వ్యాపారంలో రెండు రకాల స్పీకరు పెట్టెలుంటాయి. జనం వైపు తిరిగి ఉండేవి, పాడేవాళ్ళ వైపు తిరిగి ఉండేవి. జనం వైపువి పెద్దవి. స్టాండు మీద ఎత్తుగా నిలబడతాయి, సౌండు పెట్టమని పిలిచినవాడి కంటికి ఆనతాయి. పాడేవాళ్ళ వైపువి స్టేజీ మీద నేలకు ఆని, ముఖం పైకెత్తి ఏటవాలుగా పడుకుని ఉంటాయి. వాటిని మానిటర్లంటారు. పాడేవాడి గొంతు పాడేవాడికే వినిపించడం వాటి పని. జనానికి వాటి వీపు తప్ప ఏమీ కనపడదు.

ఇరవై రెండేళ్ళు నేను ఆ రెండో రకం పెట్టెలు లేకుండానే వ్యాపారం చేశాను. స్టేజీ మీద ఉన్నవాళ్ళు మనల్ని పిలవరు, పిలిచేవాళ్ళు స్టేజీ మీద ఉండరు. అదీ నా లెక్క. ఆ లెక్క తప్పని నాకు తెలిసేసరికి నా భార్య ఇంట్లోంచి వెళ్ళిపోయింది.

జనవరిలో ఒక ఉదయం ఏలీయా ఫోన్ చేశాడు. ఏలీయా నా భార్య జ్ఞానవతికి అన్న. మా దీవిలోనే, పల్లెవైపు ఉంటాడు. ఫెరార్గంజ్‌లో వక్కతోట, దాని కింద రెండు మడులు వరి. నాలుగేళ్ళుగా జ్ఞానవతి ఆ ఇంట్లోనే ఉంటోంది.

"బావా, నెలాఖరు ఆదివారం మా చర్చిలో కోత పండగ. సౌండు నువ్వే పెట్టాల."

"మీ ఊళ్ళో పెట్టేవాడు ఉన్నాడు కదా?"

"ఉన్నాడు. ఆడి పెట్టెల్లో పాస్టరు గారు ప్రార్థన చేస్తే గేదె అరిచినట్టుంటాది. అది కాదు గానీ... చెల్లి పాడతానంది."

చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాను. జ్ఞానవతి పాడి నాలుగేళ్ళు దాటింది.

"ఒక షరతు పెట్టింది బావా. తన గొంతు తనకి వినపడాలంట. తన ముందు ఒక పెట్టె ఉండాలంట. తనదే, ఇంకెవరిదీ కలవకుండా. ధనరాజు గారిని అడుగు, ఉంటే పాడతాను, లేకపోతే లేదు అంది."

"ధనరాజు గారు అందా?"

"అలాగే అంది. ఏటి చెయ్యమంటావు మరి."

ఇరవై ఏళ్ళు నన్ను మావా అని పిలిచిన మనిషి.

"ఉంది, తెస్తాను" అన్నాను.

నిజానికి నాలుగున్నాయి. ఆమె వెళ్ళిన ఏడాదే మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో తెప్పించాను. అప్పుడు వాటిని ఎవరూ అడగలేదు. ఎవరూ అడగని సరుకు తెప్పించడం నా జీవితంలో అదొక్కసారే. మిన్నీ బేలో మా ఇంటి కింది గదే నా దుకాణం. అక్కడ మెట్ల కింద, గుడ్డ కప్పుకుని ఉన్నాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా నెలకోసారి తుడిచేవాణ్ణి.

ఏం జరిగిందో ఇక్కడ చెప్పేస్తాను. దాచుకుంటే ముందుకు అర్థం కాదు.

మా నాన్న నూకయ్య ఫీనిక్స్ బే జెట్టీలో మూటలు మోశాడు. బోట్లవాళ్ళందరికీ మా ఇల్లు తెలుసు. నేను సౌండు వ్యాపారం పెట్టినప్పుడు నా మొదటి బేరాలు వాళ్ళవే. బోటు సిబ్బంది ఏటా కొత్త సంవత్సరానికి జెట్టీ వెనక మైదానంలో పాటల కార్యక్రమం పెట్టుకుంటారు. అందులో తెలుగు పాటలు, హిందీ పాటలు జ్ఞానవతి పాడేది. మా ఇద్దరికీ పరిచయమైందీ అక్కడే. ఆమెది చర్చి కుటుంబం, మాది కాదు. మా దీవుల్లో దాన్ని ఎవరూ పెద్ద విషయంగా పట్టుకోలేదు. నాకు మాత్రం గుడైనా చర్చైనా సౌండు పెట్టే చోటే.

పెళ్ళైన కొత్తలోనే అడిగింది. "మావా, ముందు పెట్టెల మోత తిరిగి ఎటో గోడకి కొట్టుకుని నా దగ్గరికి వస్తాది. నేనేం పాడుతున్నానో నాకే తెలీటం లేదు. నా వైపుకొకటి పెట్టు."

"వచ్చే ఏడు" అన్నాను. చాలా ఏళ్ళు అన్నాను.

తన గొంతు తనకు వినపడని మనిషి అరుస్తుంది. జనరేటరు మోత, జనం గోల, వెనక డ్రమ్ముల పాడ్ దెబ్బలు. వాటి మీదుగా తనను తాను వినాలని జ్ఞానవతి ఏటికేడు ఇంకొంచెం గట్టిగా పాడింది. పన్నెండేళ్ళకు గొంతు మొద్దుబారింది. డాక్టరు, లోపల చిన్న కాయల్లాంటివి కట్టాయి, అరవకండి అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పింది. నేను అల్లం తేనె తెచ్చిపెట్టాను. అదే చౌక వైద్యమని నాకు అప్పట్లో అనిపించింది.

నాలుగేళ్ళ కిందట ఆ కార్యక్రమంలో రెండో పాటలో పై స్థాయికి వెళ్ళేచోట ఆమె గొంతు చీలింది. నేను మైకుల మీటలుండే మిక్సర్ బల్ల దగ్గర ఉన్నాను. నా పక్కన కూర్చున్న బోటు సిబ్బంది సంఘం పెద్ద మొహం చిట్లించాడు. అంతే. జ్ఞానవతి మైకు మీట కిందికి లాగేశాను, పక్కన వంత పాడుతున్న మంజు మీట పైకి తోశాను. ఒక్క క్షణం పని. పాట నిలబడింది.

స్టేజీ మీద జ్ఞానవతికి అది తెలియదు. తెలియడానికి ఆమె ముందు పెట్టె లేదు. కళ్ళు మూసుకుని, చెయ్యి ఆడిస్తూ, మిగిలిన మూడు నిమిషాలూ ఊపిరి లేని మైకులో పాడింది. చివర వంగి దండం పెట్టింది. జనం మంజుకు చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చేటప్పుడు వ్యానులో అడిగింది. "మావా, బాగా వచ్చిందా?"

"బాగా వచ్చింది" అన్నాను.

వారం తరవాత ఎవరో ఫోనులో తీసిన వీడియో పంపారు. పెదవులు జ్ఞానవతివి, గొంతు మంజుది. రెండుసార్లు చూసింది. ఫోను బోర్లా పెట్టింది. కోపం తెచ్చుకుంటుందని నేను జవాబులు సిద్ధం చేసుకున్నాను. సంఘం వాళ్ళు, పేరు, వచ్చే ఏటి పిలుపు, అన్నీ. ఆమె ఒక్కటే అడిగింది.

"ఆ మూడు నిమిషాలు నేను ఎవరికి పాడినట్టు?"

మూడు వారాల తరవాత, అన్నయ్య వాళ్ళకు వక్కలు ఎండబెట్టడానికి మనిషి కావాలట అని ఫెరార్గంజ్ బస్సెక్కింది. వక్కలు ఎండాయి. మళ్ళీ కాశాయి. ఆమె రాలేదు.

ఒక్కడికి వండుకోవడం వ్యాపారపరంగా నష్టం. గిన్నె అంతే కడగాలి, మంట అంతే కావాలి. కూరగాయలమ్మే మనిషి నా కోసం కట్ట విప్పి సగం ఇస్తుంది. రోజంతా మైకులు సరిచూస్తూ మాట్లాడుతూనే ఉంటాను. హలో, చెక్, వన్ టూ. ఎవరూ బదులు చెప్పక్కర్లేని మాటలు అవి. సాయంత్రానికి లెక్కేస్తే ఆ రోజు నేను మాట్లాడినవి అవే అయి ఉంటాయి.

అందుకే ఏలీయా ఫోను పెట్టేశాక నేనొక లెక్క వేసుకున్నాను. ఆమె పాడాలి. పాట చివరిదాకా ఆమె మీట నేను ముట్టుకోకూడదు. ఆ తరవాత, ఇంటికి రమ్మని అడగాలి.

*

ఆదివారం తెల్లవారగానే బయలుదేరాను. మా దగ్గర సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి ఏ పండగైనా పొద్దున్నే మొదలై మూడింటికల్లా ముగుస్తుంది. చర్చి ముందు మైదానంలో షామియానా వేశారు. అప్పటికే కానుకలు వస్తున్నాయి. వరి కంకుల కట్టలు, కొబ్బరిగెలలు, పనసకాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. కోత పండగ నాడు ఎవరు పండించింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు.

ఏలీయా కూతురు ఫేబే ఎదురొచ్చింది. పంచాయతీ ఆఫీసులో పని చేస్తుంది, చర్చిలో వంత పాడుతుంది.

"మావయ్యా, బాగున్నారా? అరె, ఎంత సన్నబడ్డారు! ఖానా ఖాతే హో కి నహీ?"

"తింటున్నానమ్మా."

"అబద్ధం. చొక్కా చెప్తోంది." నాలుగు మానిటర్లు చూసి కళ్ళు పెద్దవి చేసింది. "ఇవన్నీ మాకేనా?"

"మీకే. జనం వైపు కాదు."

నేను మొదట మూడే తేవాలనుకున్నాను. జ్ఞానవతికి ఒకటి, ఫేబే వాళ్ళ వంత బృందానికి ఒకటి, కీబోర్డు వాయించే యేసు కుమార్‌కు ఒకటి. ముందు రోజు పాడ్ వాయించే పైడిబాబు ఫోన్ చేసి తనకూ కావాలన్నాడు. పైడిబాబు చర్చివాడు కాదు, పాడ్ ఎక్కడుంటే అక్కడివాడు. నాలుగో పెట్టె వ్యానులో వేసుకున్నాను గానీ దాన్ని నడపడానికి ఇంకో యాంప్లిఫయరు వేసుకోలేదు. ఎక్కువ మోసుకెళ్ళకపోవడం నా అలవాటు. మా దీవుల్లో ఒక వస్తువు చెడితే మళ్ళీ ఓడ రావాలి.

అలవాటు ప్రకారమే కలిపాను కూడా. యాంప్ నుంచి ఒక తీగ మొదటి పెట్టెకు, దాని వెనక నుంచి రెండోదానికి, అక్కణ్ణుంచి మూడోదానికి, నాలుగోదానికి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టు. తీగ తక్కువ పడుతుంది, పని త్వరగా అవుతుంది. నాలుగింటిలోనూ ఒకే మాట వస్తుంది. ఆమె ముందు పెట్టె ఉంటే చాలుననుకున్నాను. "తనదే, ఇంకెవరిదీ కలవకుండా" అన్న మాటను నేను ముందు పెట్టె అన్నంతవరకే విన్నాను.

జ్ఞానవతి తొమ్మిదింటికి వచ్చింది. చేతుల్లో పెద్ద గుమ్మడికాయ. జుట్టు ముందు వైపు తెల్లబడింది, కళ్ళజోడు వచ్చింది. గుమ్మడికాయ కానుకల వరసలో దించి, చీర దులుపుకుని, స్టేజీ ఎక్కింది. నన్ను చూడలేదు. వంగి పెట్టెను చూసింది. జాలీ మీద అరచెయ్యి పెట్టింది, పాలగిన్నె వేడి చూసినట్టు.

నేను షామియానా చివర మిక్సర్ బల్ల దగ్గర ఉన్నాను. చర్చి లోపల సండే స్కూల్ పిల్లలు వాక్యాలు వల్లిస్తున్నారని జనం వైపు పెట్టెలు మూసేశాను. స్టేజీ మీద మానిటర్లు, నా చెవులకు హెడ్‌ఫోన్, అంతే.

"జ్ఞానం, మాట్లాడు" అన్నాను నా మైకులో.

నా మాట నాలుగు పెట్టెల్లోంచీ వచ్చింది. పైడిబాబు పళ్ళికిలించాడు.

"చెక్, చెక్" అంది జ్ఞానవతి. "ధనరాజు గారూ, వినపడుతోంది." మైకుకు దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి అంది. "ఈసారి నా గొంతు తీసెయ్యాలనిపిస్తే ముందే చెప్పండి. నేనే దిగిపోతాను."

అది తన పెట్టెలో ఒక్కదానిలోనే వస్తుందనుకుంది. నాలుగు పెట్టెలూ ఆ మాటను నాలుగు వైపులా చెప్పాయి. యేసు కుమార్ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఫేబే తల దించుకుంది. పైడిబాబుకు మాత్రం అర్థం కాలేదు.

"ఏటి దీదీ, ఎవుల్ని తీసేస్తారు? నన్నేనా?"

జ్ఞానవతి తన పెట్టె వెనక నుంచి బయలుదేరిన తీగ వెంట కళ్ళు నడిపింది. ఫేబే పెట్టె, యేసు కుమార్ పెట్టె, పైడిబాబు పెట్టె. మైకును స్టాండుకు తగిలించి, స్టేజీ దిగి, కానుకల పక్కన బెంచీ మీద కూర్చుంది.

సరిగ్గా అప్పుడే నా యాంప్ మీద ఎర్రలైటు వెలిగింది. నాలుగు పెట్టెలూ ఒక్కసారిగా మూగబోయాయి.

"భయ్యా, బంద్ హో గయా!" అని యేసు కుమార్ అరిచాడు.

*

యాంప్ పక్కన చతికిలబడి లెక్క చూసుకున్నాను. దానికి రెండు వైపులు. ఒక్కో వైపు రెండు పెట్టెలు లాగుతుంది, మూడోదానికి మూలుగుతుంది, నాలుగోదానికి పడుకుంటుంది. చెరి రెండు కలిపితే హాయిగా నడుస్తుంది. కానీ అప్పుడు జ్ఞానవతి పెట్టెకు ఇంకొకరు జత అవుతారు. ఆమెది ఒక వైపు ఒంటరిగా ఉంచితే మిగిలిన మూడూ రెండో వైపు పడతాయి. పాట మధ్యలో వేడెక్కి ఆగిపోతాయి. పైడిబాబు పెట్టె తీసేద్దామా అంటే, తనకు తాను వినపడని పాడ్ పరుగెడుతుంది, పాటను ఈడ్చుకుపోతుంది.

ఇంకో యాంప్ ఉంది. జనం వైపు రెండు పెద్ద బేస్ పెట్టెల్ని నడిపేది. గుండె అదిరేది వాటితోనే. నా దుకాణానికి పేరొచ్చిందీ వాటితోనే.

ఇరవయ్యారేళ్ళలో నేను జనం వైపునుంచి ఒక్క తీగ కూడా తీసి స్టేజీ వైపు ఇవ్వలేదు.

బేస్ పెట్టెల తీగ పీకుతుంటే ఏలీయా పరుగెత్తుకొచ్చాడు.

"అదేటి బావా? కమిటీ వాళ్ళు దడదడ రావాలన్నారు. ఎనకాల కూకున్నోళ్ళకి ఏటి వినిపిస్తాది?"

"మాట వినిపిస్తుంది, పాట వినిపిస్తుంది. దడదడ ఉండదు."

"నన్ను తిడతారయ్యా!"

"నా పేరు చెప్పు."

"చెప్తాను. మీ ఇద్దరి మజ్జెన నేను డోలు అయిపోనాను, రెండు ఏపులా దెబ్బలే" అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

తీగల గొలుసు విప్పేశాను. యేసు కుమార్‌దీ పైడిబాబుదీ పాత యాంపుకు ఒక వైపు, ఫేబే వాళ్ళది రెండో వైపు. జ్ఞానవతి పెట్టెకు బేస్ యాంపులో ఒక వైపు మొత్తం. మిక్సర్ నుంచి ఆమెకు ఒక తీగ విడిగా లాగాను. నలభై అడుగులు. వ్యానులో ఉన్న ఒకే ఒక పొడవు తీగ అది. జనం కాళ్ళకు తగలకుండా షామియానా గుంజల వెంట కట్టుకుంటూ వెళ్ళాను. చొక్కా తడిసిపోయింది. పిల్లలు బయటికి వచ్చేశారు, చర్చి గంట కొట్టడానికి అరగంట కూడా లేదు.

బెంచీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. దగ్గరగా నిలబడి నాలుగేళ్ళయింది.

"అయింది. ఆ పెట్టెలో నీ గొంతు తప్ప ఇంకొకరిది రాదు."

"నేనన్నది వాళ్ళకి వినపడదా?"

"పాట మొదలయ్యేదాకా వినపడదు. పాటలో వాళ్ళకీ కొంచెం కావాలి, లేకపోతే వాయించలేరు."

"మీకు?"

మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్ చూపించాను. "నువ్వు ఏది వింటే నేనూ అదే వింటాను."

లేచి స్టేజీ ఎక్కింది. నేను బల్ల దగ్గరికి పరుగెత్తాను. చెవులకు పెట్టుకునేసరికి ఆమె ఊపిరి వినపడింది. తరవాత గొంతు.

"మాట్లాడుతున్నాను. వినపడుతోంది" అంది. "నా గొంతు ఇంత ముసలిదైపోయిందా?"

"నాదీ అంతే" అన్నాను, ఆమె పెట్టెలోకి మాత్రమే.

"మీ గొంతు సంగతి నేను అడగలేదు."

స్టేజీ మీద మిగతావాళ్ళు ఎవరూ తలెత్తలేదు. వాళ్ళకు వినపడలేదు. పైడిబాబు పుల్లలతో వీపు గోక్కుంటున్నాడు.

"గొంతు తీసెయ్యడం గురించి ఇందాక ఒకటన్నాను. జవాబు రాలేదు" అంది.

"తియ్యను."

"చూస్తాను" అంది జ్ఞానవతి.

*

ప్రసంగం గంటన్నర సాగింది. ఎండ షామియానా దాటి లోపలికి వచ్చింది. ఒక కోడి కట్టు తెంపుకుని వరి కట్టల మీద తిరిగింది. పాట వంతు వచ్చేసరికి కమిటీ పెద్ద ఒకాయన వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఏటి భయ్యా, ఈసారి దమ్ము లేదు సౌండులో."

"దమ్ము వేరే చోట ఉందండీ."

ఆయన చుట్టూ చూశాడు, ఎక్కడుందా అని.

జ్ఞానవతి మొదలుపెట్టింది. కోత పాట అది. విత్తినవాడు వేరు, కోసినవాడు వేరు, కొట్టు నింపినవాడు ఒకడే అనే అర్థం వచ్చే పాట. వాళ్ళ నాన్న కట్టాడట, చర్చిలో అందరికీ వచ్చు. మొదటి చరణం నెమ్మదిగా, అరవకుండా పాడింది. అరవక్కర్లేదని ఆమెకు తెలుస్తోంది. హెడ్‌ఫోన్‌లో నాకు ఆమె గొంతు తప్ప ఏమీ లేదు. వాయిద్యాలు లేవు, జనం లేరు. పెళ్ళికి ముందు, జనరేటరు మోత లేని ఒక పగటి పూట, ఆమె ఖాళీ మైదానంలో ఊరికే కూనిరాగం తీయగా విన్నాను. మళ్ళీ ఇదే.

మూడో చరణంలో పాట పైకి ఎక్కుతుంది. ఆ చోటు వస్తోందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఎక్కింది. చీలింది.

వెదురు చీలినట్టు, ఉన్నదున్నట్టు, నా రెండు చెవుల్లోనూ పడింది. ఆమె చెవుల్లోనూ అలాగే పడి ఉంటుంది. జనం వైపు పెట్టెల్లో కూడా వెళ్ళిపోయింది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తల తిప్పారు.

కమిటీ పెద్ద నా మోచెయ్యి పొడిచాడు. "అరె, ఆ పిల్లది పెంచు! ఫేబేది పెంచు, ఈమెది తగ్గించు!"

నా వేలు ఆమె మీట మీదే ఉంది. ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు. ఇరవయ్యారేళ్ళ వేలు అది, నన్ను అడిగి వెళ్ళదు. దాన్ని అక్కణ్ణుంచి తీసి, చెయ్యి మొత్తం తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.

"తగ్గించవయ్యా!"

"తగ్గదండీ" అన్నాను.

అర తాళం పాటు ఆమె ఆగింది. కళ్ళు తెరిచి పెట్టె వైపు చూసింది. తరవాత ఆ పై మెట్టును వదిలేసి, అదే వరసను కింది నుంచి అందుకుంది. తక్కువ గొంతుతో, దాదాపు మాట్లాడినట్టు. యేసు కుమార్ ఆమెకు వీలుగా తన వాయిద్యం తగ్గించాడు. వెనక వరసల వాళ్ళకు సగం వినిపించి ఉండదు. కొందరు మాటల్లో పడ్డారు. పాట అయింది. చప్పట్లు లేవు, చర్చిలో కొట్టరు. ముందు వరసలో ఒక ముసలావిడ ఆమేన్ అంది.

*

వేలం యేసు కుమార్ నడిపాడు. కట్టు తెంపుకున్న కోడినే పైడిబాబు పాడుకున్నాడు, "ఉషారుగా ఉంది, దీనికి తాళం తెలుసు" అని. నేను గుమ్మడికాయ పాడుకున్నాను. పోటీకి ఎవరూ రాలేదు.

"మావయ్యా, అత్త గుమ్మడికాయ ఒక్కరూ ఎన్ని రోజులు తింటారు?" అని ఫేబే మైకులోనే అడిగింది. అందరూ నవ్వారు.

తీగలు చుట్టుకుంటుంటే జ్ఞానవతి వచ్చి స్టేజీ మెట్టు మీద కూర్చుంది.

"తీస్తారనుకున్నాను."

"తియ్యలేదు."

"విన్నాను." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "తీస్తే నాకు తెలిసిపోతుందనా, తియ్యలేదు?"

చేతిలో తీగ నాలుగు చుట్లు చుట్టేదాకా ఆలోచించాను.

"కొంత అందుకే. కొంత కాదు."

తల ఊపింది. "ఈసారి అబద్ధం చెప్పలేదు."

అదును అదేననుకున్నాను. వ్యాపారంలో ఎదుటివాడు తల ఊపినప్పుడే అడగాలి.

"ఇంటికి రా జ్ఞానం."

ఆమె పెట్టె వైపు చూసింది. కోడిపిల్లలు చిందిన వరిగింజలు ఏరుకుంటున్నాయి.

"ఇది ఇక్కడ వదిలి వెళ్ళండి. ప్రతి ఆదివారం పాడతాను."

"నేను అడిగింది..."

"విన్నాను. నాకిప్పుడు నా గొంతు వినపడుతోంది. కొన్నాళ్ళు అదే విననివ్వండి."

నేను బేరమాడే మనిషిని. కొన్నాళ్ళంటే ఎన్ని అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి, "ఒట్టి పెట్టెతో పని జరగదు, యాంప్ కూడా ఉండాలి" అన్నాను.

"అయితే అదీ."

"ఆ పొడవు తీగ కూడా."

"అదీ వదలండి" అంది. పెదవి ఒక పక్కకు కొంచెం కదిలింది. నవ్వని చెప్పలేను.

ఏది ఎక్కడ గుచ్చాలో ఫేబేకు రెండుసార్లు చూపించాను. ఏలీయా అన్నం తిని వెళ్ళమన్నాడు, విస్తరి వేశాడు, తిన్నాను. జ్ఞానవతి కూర వడ్డించింది. "చాలా?" అంది. "చాలు" అన్నాను.

తిరుగు దారిలో వ్యానులో పెట్టెలు కదిలాయి. నాలుగూ ఉంటే ఒకదానికొకటి ఆనుకుని గట్టిగా ఉంటాయి. మూడే ఉండేసరికి ప్రతి మలుపులోనూ జారి ఒక మూలకు కొట్టుకుంటున్నాయి. రోడ్డు పక్కన ఆపి, ఖాళీలో గుమ్మడికాయ ఇరికించాను. మిన్నీ బే చేరేదాకా అది కదలలేదు.

గుమ్మడికాయను ఆ వారమంతా తిన్నాను. శనివారం మధ్యాహ్నం మిగిలిన ముక్క తరుగుతుంటే ఫేబే ఫోన్ చేసింది.

"మావయ్యా, అత్త రిహార్సల్‌కి వచ్చింది. పెట్టె పలకటం లేదు. నల్ల తీగ వెనకాల ఎందులో?"

"ఎడమ వైపు రంధ్రంలో. గుచ్చి కుడికి తిప్పు, టక్ మనాలి."

టక్ మంది. ఫేబే ఫోనును ఎక్కడో పెట్టి మరిచిపోయింది. దూరంగా జ్ఞానవతి గొంతు వచ్చింది, ఒకటి, రెండు, అని తెలుగులో. తరవాత పాట. మూడో చరణంలో పైకి వెళ్ళలేదు, కిందినుంచే వెళ్ళింది. ఒకచోట తప్పు పాడి తనే ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. నేను కత్తి పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకోకుండానే, ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను. మాట్లాడితే వాళ్ళకు గుర్తొస్తుందని ఊపిరి కూడా తగ్గించాను.

నాలుగో చరణం మొదట్లో అటునుంచి ఎవరో ఫోను కట్ చేశారు.